పక్షుల నేస్తం సలీం అలీ

మోదుగు పూస్తే ఎండాకాలం దగ్గరపడిందని, తంగేడు పూస్తే బతుకమ్మ వస్తోందని, పాలపిట్టను చూస్తే దసరా అని ఊళ్ళ నుంచి వచ్చిన మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇలాంటి చూపునే శాస్త్రంగా మలచుకొని ప్రపంచ ఖ్యాతి పొందిన మహనీయుడు సలీం అలీ. ఆయన జీవితంలో మన హైదరాబాదుకూ చోటుంది.

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో జన్మించారు. ఊహ తెలియకముందే తల్లిదండ్రులు చనిపోతే మేనమామ పెంచారు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళారు. ఆ సందేహమే జీవితానికి దారి చూపింది.

ఆయనకు యూనివర్సిటీ డిగ్రీ లేదు. అందువల్లే ప్రభుత్వ జంతుశాస్త్ర సంస్థలో ఉద్యోగం రాలేదు. తర్వాత మ్యూజియంలో గైడుగా చేశారు. బెర్లిన్ వెళ్ళి ప్రొఫెసర్ స్ట్రెస్‌మాన్ వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగొచ్చేసరికి ఆ ఉద్యోగమూ లేదు. అయినా ఖాళీగా కూర్చోలేదు. బొంబాయి దగ్గరి కిహిం గ్రామంలో వానాకాలమంతా గిజిగాళ్ళను గమనించారు. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుందని, ఆడపిట్ట వచ్చి మెచ్చాకే పూర్తి చేస్తుందని, ఆపై మరో గూడు మొదలుపెడుతుందని లోకానికి తెలిపారు. మన జాషువా కవితకెక్కించిన పిట్ట ఇదే.

ఆ తర్వాత సంస్థానాల్లో పక్షుల సర్వేకు పూనుకున్నారు. ప్రయాణం, మకాం ఖర్చులు భరిస్తే చాలు, జీతం వద్దన్నారు. అలా 1931-32లో నిజాం రాజ్యంలో సర్వే జరిగింది. అప్పటికి మన ఆర్ట్స్ కాలేజీ భవనం లేదు. అది 1939లో ప్రారంభమైంది. అడవుల్లో మకాం వేసి, ఏ పక్షి ఎక్కడ, ఏ నెలలో కనబడిందో రాసుకున్నారు. ఆయన కష్టసుఖాల్లో తోడున్న భార్య తెహ్మినా 1939లో మరణించారు. ఆ దుఃఖంలోనూ పని ఆపలేదు. 1941లో భారతీయ పక్షులపై ఆయన పుస్తకం వెలువడింది.

డిగ్రీ లేని ఆయనకు 1978లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1976లో పద్మవిభూషణ్ లభించింది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా అడవుల్లో మళ్ళీ కనిపించింది. స్థానికుల సాయంతోనే అది దొరికింది. ఆ వార్త విన్న మరుసటి ఏడాది, 1987లో సలీం అలీ కన్నుమూశారు.

మిత్రులారా, అడవి తెలిసిన పల్లెవాసి కన్ను ఎంత విలువైనదో కలివికోడి చెబుతోంది. ఆ కన్ను మనకూ ఉంది. తార్నాక రద్దీ దాటి క్యాంపస్‌లోకి వస్తే నెమళ్ళు, కోయిలలు, వేపలు, కానుగలు ఉన్నాయి. వేప ఎప్పుడు పూసింది, కోయిల ఏ రోజు మొదట కూసింది అని తేదీ వేసి రాసుకోవడానికి ఒక నోటుబుక్కు చాలు. ఏడాది రాస్తే అది మన ప్రాంత చరిత్రే అవుతుంది. ఊళ్ళో నేర్చుకున్నది చదువు కాదని ఎవరైనా అంటే నమ్మకండి.