రేపు లేదనిపించిన గడియ

మన తెలుగువారు అనేకులు స్థిరపడిన పోర్టు బ్లేరునకు, అందలి మిన్నీ బే తీరమునకు దక్షిణముగా సుమారు 270 కిలోమీటర్ల దూరమున కార్ నికోబార్ ద్వీపమున్నది. బిషప్ జాన్ రిచర్డ్‌సన్ గారు 1884లో అచ్చటి మూస్ గ్రామమున జన్మించిరి. తమిళ ఉపదేశకుడైన వేదప్పన్ సాలమన్ గారు ఆ బాలుని చేరదీసిరి. బర్మాలో విద్య ముగించి వచ్చి ఉపాధ్యాయులుగాను, 1934 నుండి గురువుగాను స్వజనులకు పరిచర్య చేసిరి.

1942లో జపాను సైన్యము ఆ దీవులను ఆక్రమించెను. 1945లో, శత్రు విమానములకు సంజ్ఞలు చేయుచున్నారని నేరము మోపి, నిర్దోషులైన నికోబారీయులను అనేకులను చిత్రహింసలు పెట్టి చంపిరి. రిచర్డ్‌సన్ గారును చెరపట్టబడిరి; మరణదండనకు ఏర్పరచబడినవారిలో ఆయన యొకరు. ఆకలియు దెబ్బలును ఘోరములే. అయినను, తాను పేరుపెట్టి యెరిగిన మందలోనివారు ఒక్కొక్కరుగా కూలుచుండగా ఏమియు చేయజాలని కాపరి స్థితి అంతకంటె ఘోరము. మనుష్యునికి కలుగు భావములన్నిటిలో మిక్కిలి భయంకరమైనది నొప్పి కాదు, ఇక రేపు లేదను తలంపు. బదరీవృక్షము క్రింద ఏలీయా చావు కోరినది అట్టి గడియలోనే. భక్తులకు అట్టి గడియలు రావని బోధించువారు ఆ అధ్యాయమును మరల చదువవలెను.

శిక్ష అమలు జరుగకమునుపే యుద్ధము ముగిసెను. ఆయన దుఃఖముతో నిండిన గ్రామములకు తిరిగి వెళ్లి, కాపరి పనిని, తర్జుమా పనిని చేపట్టిరి. 1950లో బిషప్పుగా అభిషేకము పొందిరి. 1952లో మొదటి లోకసభకు నామినేటు చేయబడిరి. 1969లో నికోబారీ భాషలో సంపూర్ణ బైబిలు వెలువడెను. 1978లో ఆయన కన్నుమూయునాటికి ఆ ద్వీపవాసులలో అనేకులు తమ భాషలోనే వాక్యము చదువుకొనుచుండిరి.