దేవుని సొత్తు – పానగల్ రాజా

శ్రీకాళహస్తిలో 1866వ సంవత్సరమున జన్మించిన పానగంటి రామరాయణింగారిని లోకము పానగల్ రాజాగా ఎరుగును. వెలమదొరల కుటుంబమున పుట్టి, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టము పొంది, సంస్కృతమున పాండిత్యము గడించిన ఆ ప్రభువు 1921లో మదరాసు మంత్రివర్గమునకు నాయకులైరి. వారు తలకెత్తుకొన్న కార్యములలో మిక్కిలి కఠినమైనది దేవాదాయముల సంస్కరణము.

న్యాయస్థానముల దృష్టిలో ఆలయపు ఆస్తికి దేవుడే యజమాని. కాని ఆ యజమాని బాలుని వలె తన వ్యవహారమును తాను నడుపుకొనజాలడు. ధర్మకర్తయే ఆయనకు నోరును, చేయియును. ఆ ధర్మకర్తయే మాన్యములను అన్యాక్రాంతము చేసినచో దేవుని పక్షమున అడుగువారెవరు?

1817 నాటి రెగ్యులేషను ఈ భారమును రెవిన్యూ బోర్డుపై నుంచెను. క్రైస్తవ ప్రచారకుల ఒత్తిడికి లోనై కంపెనీవారు దానినుండి తొలగిరి; 1843లో తిరుమల ఆలయము హాథీరాంజీ మఠము మహంతుల చేతికి వచ్చెను. 1863 నాటి చట్టము దేవస్థాన సంఘములను ఏర్పరచెను గాని, వాని సభ్యులకు పదవి యావజ్జీవము. ఇక మిగిలినది కోర్టు. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 92వ సెక్షను ప్రకారము కనీసము ఇద్దరు భక్తులు చేరి, అడ్వకేటు జనరలు సమ్మతి పొంది దావా వేయవలసియుండెను. భక్తునికి ఖర్చు చేతిసొమ్ము. ధర్మకర్తకు తరచుగా అది దేవుని సొమ్మే.

ఈ దుస్థితిని మాన్పుటకై రాజాగారు 1922లో శాసనసభలో బిల్లును ప్రవేశపెట్టిరి. ఆలయములపై బోర్డు పర్యవేక్షణము, లెక్కల తనిఖీ అందలి ముఖ్యాంశములు. ప్రభుత్వము మతమున చేయి పెట్టుచున్నదని, దేవద్రవ్యము అన్య కార్యములకు మరలునని మఠాధిపతులు, సనాతనులు తీవ్రముగా ప్రతిఘటించిరి. ఆ భయమును తేలికగా త్రోసివేయుటకు వీలు లేదు. రాజాగారు మాత్రము వెనుదీయలేదు. బిల్లు 1925వ సంవత్సరపు 1వ చట్టముగా వెలువడెను.

వ్యాజ్యములకు మారుగా వచ్చిన చట్టమే వ్యాజ్యమునకు గురియయ్యెను. దాని చెల్లుబాటును ప్రశ్నింపగా, 1927లో 2వ చట్టముగా మరల చేయవలసి వచ్చెను. అంతకుముందే, 1926 ఎన్నికలలో పక్షము ఓడిపోగా, రాజాగారు అధికారము వీడియుండిరి. 1928 డిసెంబరులో వారు కీర్తిశేషులైరి.

1933లో ప్రత్యేక చట్టము వలన తిరుమల పాలనము మహంతులనుండి సంఘమునకు మారుటను వారు చూడలేదు. 1954లో శిరూరు మఠము వ్యాజ్యమున సుప్రీంకోర్టు, 1951 నాటి చట్టమందలి కొన్ని నిబంధనలను కొట్టివేయుచునే, మతాచారము మతస్థులదనియు, ఆస్తిపాలనమును శాసనము క్రమబద్ధము చేయవచ్చుననియు తేల్చినది. ఆ రెంటికి నడుమ గీత ఎక్కడ గీయవలెనన్న వివాదము మాత్రము రాజాగారితో ముగియలేదు.