జోసెఫ్ ప్రీస్ట్లీ చరిత్రము

కామారెడ్డి, యెల్లారెడ్డి ప్రాంతములందు చెఱువు లేని యూరు అరుదు. యెల్లారెడ్డికి చేరువనున్న పోచారము జలాశయమునందు గాని, మంజీరానదిపై 1923 మొదలు 1931 వఱకు కట్టబడిన నిజాంసాగరమునందు గాని, గ్రామమందలి చిన్న కుంటయందు గాని, మిట్టమధ్యాహ్నమున తేటనీటిలోనికి తేఱిపాఱ జూచినచో, నాచుకొమ్మల కొనలనుండి వెండిపూసలవంటి బుడగలు వరుసగా పైకి లేచుచుండును. మబ్బు క్రమ్మినచో నవి మందగించును. ప్రొద్దు గ్రుంకినచో నిలిచిపోవును. పశువులను కడుగబోయిన బాలురందఱు దీనిని చూచియే యుందురు. చూచుట వేఱు, ఇది యేమని యడుగుట వేఱు. ఆ బుడగలలోని గాలి యెట్టిదో, నీటిలోని మొక్కకు ఆహార మెచ్చటినుండి వచ్చుచున్నదో తెలిసికొనుటకు ఐరోపాఖండ పండితులకు ముప్పది సంవత్సరములకు పైగా పట్టెను. ఆ పండితులలో ప్రథముడు జోసెఫ్ ప్రీస్ట్లీ. ఆయన సాధించిన దెంత గొప్పదో, చేతికందియు జాఱిపోయిన దంత గొప్పది. కావున నాయన చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

ప్రీస్ట్లీ 1733వ సంవత్సరము మార్చి నెలలో, ఇంగ్లండు దేశపు యార్కుషైరు మండలమున, లీడ్సు పట్టణమునకు సమీపమున ఫీల్డుహెడ్డను చోట జన్మించెను. తండ్రి ఉన్నిబట్టలకు మెఱుగుపెట్టి జీవించువాడు. ఆఱేండ్ల ప్రాయముననే తల్లి గతించుటచే, కొంతకాలమునకు బిడ్డలు లేని మేనత్త యీ బాలుని చేరదీసి చదివించెను. లాటిను, గ్రీకు, హీబ్రూ భాషలు బాల్యముననే యలవడినవి. వ్యాధిచే బడికి పోలేని దినములందు ఫ్రెంచి, ఇటాలియను, జర్మను భాషలను తనంతట తానే నేర్చికొనెను. మాటలాడునపుడు నత్తి యుండెడిది. అయినను మతబోధకుడు కావలెనని సంకల్పించి, యట్లే యయ్యెను. రాజ్యాధికార మతమును సమ్మతింపనివారికి ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి పట్టములు దొరకని దినములవి. అందుచే నాయన 1752లో డావెంట్రీయందలి యొక స్వతంత్ర విద్యాలయమున చేరి చదువు ముగించెను.

మొదట కుదిరిన సంఘమునం దాయన బోధలును నత్తియు జనులకు రుచింపలేదు. 1758లో నాంట్‌విచ్ అను నూరికి పోయి, అచ్చట చిన్న పాఠశాలను స్థాపించెను. వచ్చిన స్వల్పాదాయమునుండి కూడబెట్టి యొక గాలిపంపును, విద్యుద్యంత్రమును కొనెను. అవి గురువు బీరువాలో తాళము వేసి యుంచిన వస్తువులు కావు. పై తరగతి పిల్లలే వానిని శుభ్రపఱచి, నడపి, తల్లిదండ్రులు వచ్చినపుడు ప్రయోగములు చేసి చూపెడివారు. పరికరములను బాలుర చేతికిచ్చుట కిప్పటికిని వెనుదీయు పాఠశాలలు గలవు. ప్రీస్ట్లీ రెండు వందల యేబది సంవత్సరములకు పూర్వమే జంకలేదు. పిదప 1761లో వారింగ్టను విద్యాలయమున ఉపాధ్యాయుడై, మఱుసటి యేడు మేరీ విల్కిన్సను అను వనితను వివాహమాడెను. బెంజమిను ఫ్రాంక్లిను ప్రోత్సాహమున విద్యుచ్ఛక్తి చరిత్రమును వ్రాసి 1767లో ప్రకటించెను. అంతకు ముందేడే లండను రాయల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగా చేర్చుకొనిరి.

అదే 1767లో లీడ్సు పట్టణమందలి మిల్‌హిల్ ప్రార్థనాలయమునకు బోధకుడై వచ్చెను. దొరకిన యింటి ప్రక్కనే బీరు తయారుచేయు కార్ఖానా యుండెను. బోధకున కిట్టి పొరుగు తగునా యని యెవ్వరైన నడుగవచ్చును. రసాయనశాస్త్రమునకు మాత్ర మది మహోపకార మొనర్చెను. పులియుచున్న ద్రవముతో నిండిన పెద్ద తొట్లపై జానెడు మందమున నొక గాలి కదలక నిలిచియుండెడిది. మండుచున్న కొవ్వొత్తిని దించినచో అది చప్పున ఆఱిపోయెడిది. పొగ యా గాలిపై తేలి, తొట్టి యంచులు దాటి నేలకు జాఱెడిది. స్కాట్లండు దేశీయుడగు జోసెఫ్ బ్లాకు అంతకు పూర్వమే కనుగొని స్థిరవాయువని పేరిడిన గాలి యిదియే. దీనినే నేడు కార్బన్ డయాక్సైడు అందురు. మన పూర్వపు తెలుగు శాస్త్రగ్రంథములందు బొగ్గుపులుసుగాలి యని వ్రాసిరి. మన ప్రాంతమున ఈతకల్లు కుండ పొంగునపుడు నురుగునందుండు గాలియు నిదియే గాని వేఱొకటి గాదు.

ప్రీస్ట్లీ రెండు గ్లాసులను ఆ గాలిపొరలోనికి దించి, ఒకదానినుండి మఱియొకదానిలోనికి నీటిని మాటిమాటికి పోయుచుండెను. కొలది నిమిషములలోనే నీరు గాలిని పీల్చుకొని, నాలుకపై చుఱుక్కుమను పులుపు గలదయ్యెను. పిదప తొట్టితో పనిలేకయే సీమసున్నముపై గంధకామ్లము పోసి గాలిని పుట్టించి, తిత్తిద్వారా నీటిలోనికి త్రోయు పద్ధతిని కల్పించి, 1772లో చిన్న పుస్తకముగా ప్రకటించెను. ఓడవారి స్కర్వీ వ్యాధికి ఈ నీరు మందగునని యాయన నమ్మెను. అది సరికాదు, ఆ వ్యాధికి మందు నిమ్మ, నారింజ వంటి పండ్లయందున్నది. ప్రీస్ట్లీ మాత్ర మీ పద్ధతితో ధనమార్జింప నెంచలేదు. తరువాత 1783లో జెనీవాయందు ష్వెప్పె అనువాడు సోడానీటి వ్యాపారము ప్రారంభించెను. కామారెడ్డి బజారులో మనము త్రాగిన గోలీసోడాకు మూలపురుషు డీ బోధకుడే.

ఇంక మొక్కల మాట. 1771 ఆగస్టు 17వ తేదీన, కొవ్వొత్తి మండి యాఱిపోయిన గాలిని ఒక గాజుపాత్రలో బంధించి, అందులో పుదీనా కొమ్మ నొకదానిని ఉంచెను. ఆ నెల 27వ తేదీన చూడగా, అదే గాలిలో మఱియొక కొవ్వొత్తి చక్కగా మండెను. చెడిన గాలిని పచ్చని మొక్క బాగుచేయుచున్నదను సత్యము లోకమున కిట్లు తెలిసినది. ఇందుకును, వివిధ వాయువులపై చేసిన యితర పరిశోధనలకును 1773లో రాయల్ సొసైటీవారు కోప్లీ పతకము నొసగిరి. ఆ యేడే షెల్బర్ను ప్రభువు కొలువున చేరి, 1774 ఆగస్టు 1వ తేదీన పెద్ద భూతద్దముతో సూర్యకిరణములను పాదరసభస్మముపై బఱపి, కొవ్వొత్తిని మిక్కిలి ప్రకాశముగా మండించు క్రొత్త గాలిని పట్టెను. అదియే ఆమ్లజని. స్వీడను దేశమున షేలె యంతకుముందే దీనిని కనుగొనియుండెను గాని, ఆయన గ్రంథము వెలువడుట ఆలస్యమయ్యెను. ప్రీస్ట్లీ పారిసు నగరమున లవోసియరుతో దీనిగుఱించి ముచ్చటించుటయు, లవోసియరు దీని నిజస్వభావమును గ్రహించి పేరిడుటయు రసాయనశాస్త్ర పాఠములందు మనము చదివినదే.

1778వ సంవత్సరప్రాంతమున నీటిపాత్రల గోడలకు పట్టిన పచ్చని పాచినుండి ఎండలో బుడగలు లేచుట ఆయన చూచెను. పట్టి పరీక్షింపగా, అది ఆ క్రొత్త గాలియే! ఎంత యాశ్చర్యము! నీటిలోనికి బొగ్గుపులుసుగాలిని కలిపిన చేయి యిదియే. నీటిలోని పచ్చదనమునుండి ఆమ్లజని వచ్చుట చూచిన కన్ను ఇదియే. రెంటిని ముడివేసిన చాలును. ఆయన వేయలేదు. కారణ మేమి?

కారణము బీరు తొట్టికడనే యున్నది. లీడ్సులో నున్నపుడు నీటిలో పెరుగుచున్న పుదీనా కొమ్మలను ఆ తొట్టిపై నిలిచిన గాలిలో పెట్టి చూడగా, అవి ఒక్క దినములోనే మాడిపోయెను. కాబట్టి యీ వాయువు మొక్కకు విషమని ఆయన నిశ్చయించెను. మాంచెస్టరు వైద్యుడగు పెర్సివల్, స్వల్పపరిమాణమున నిచ్చినచో ఇది మొక్కను పోషించునని వాదించినను ఆయన సమ్మతింపలేదు. ప్రయోగము అబద్ధము గాదు, మోతాదు అధికము. ముక్కు పుటములు నిండునంత పొగలో మనుష్యుని నిలిపి, గాలి ప్రాణాంతకమని తేల్చినట్లయినది. పైగా దహనసమయమున ఫ్లోజిస్టను అను పదార్థము వెడలునను పాతసిద్ధాంతమును ఆయన కడవఱకు విడువలేదు. మొక్క చెడుగాలినుండి ఆ ఫ్లోజిస్టనును పీల్చుకొనునని తలచి, యంతటితో తృప్తి చెందెను.

ఆయన విడిచినచోటనుండి ఇతరులు సాగిరి. 1779లో హాలండు వైద్యుడు ఇంగెన్‌హౌసు, వెలుతురున్నపుడు మాత్రమే, పచ్చని భాగములు మాత్రమే గాలిని బాగుచేయుననియు, చీకటిలో మొక్కయు మనవలెనే గాలిని చెఱచుననియు చూపెను. 1782లో జెనీవాయందలి సెనెబియె, నీటిలో కరగిన బొగ్గుపులుసుగాలియే నీటిమొక్కకు ఆహారమనియు, అది లేని నీటిలో బుడగలు రావనియు నిరూపించెను. ఈయనయు మతబోధకుడే యగుట గమనింపదగినది. మన పాఠశాలలలో గాజుగరాటు క్రింద హైడ్రిల్లా అను నాచును ఉంచి, పైన నీటితో నింపిన పరీక్షనాళికను బోర్లించి చేయు ప్రయోగము వీరి ప్రయోగములకు వారసురాలు. చిటికెడు వంటసోడా వేసినచో బుడగలు హెచ్చును. కాచి చల్లార్చిన నీటిలో ఇంచుమించుగా నిలిచిపోవును. సందేహమున్నవారు చేసి చూడవచ్చును.

ఇటీవల పట్టణములందు కొందఱు గాజుతొట్టెలలో నీటితోటలు పెంచుచున్నారు. 1850లో లండనునందు వారింగ్టను అను రసాయనజ్ఞుడు రెండు బంగారుచేపలను నీటిమొక్కతోడను నత్తలతోడను ఒక పాత్రలో పెంచి, ఒకదాని విసర్జనము మఱియొకదానికి జీవనమగుట చూపెను. కాని దట్టముగా మొక్కలు నాటి, ప్రకాశవంతమగు దీపములు పెట్టిన తొట్టెకు చేపల యూపిరి చాలదు. బయటి గాలితో సమముగానున్న లీటరు నీటిలో బొగ్గుపులుసుగాలి ఒక మిల్లీగ్రాముకన్న తక్కువ. అదియు గాలిలో వ్యాపించినదానికన్న నీటిలో సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. కావున తోటవారు సిలిండరులోని వాయువును రెగ్యులేటరుద్వారా తగ్గించి, బుడగలను లెక్కించి, సన్నని రంధ్రముల బిళ్లగుండా ధూళివలె నీటిలోనికి వదలుదురు. సిలిండరు కొనలేనివారు సీసాలో పంచదారనీటియందు ఈస్టు వేసి, గొట్టము తగిలింతురు. అది ప్రీస్ట్లీ పొరుగింటి తొట్టియే, చిన్నరూపమున.

ఇచ్చటను మోతాదే ప్రాణము. లీటరునకు ఇరువది మొదలు ముప్పది మిల్లీగ్రాముల వఱకు మొక్కలకు పుష్టి. అది మించినకొలది చేపల రక్తమునుండి ఆ వాయువు వెలుపలికి పోజాలక, అవి నీటి పైభాగమున నోళ్లు తెఱచి రొప్పును. ప్రమాదము తెలియుటకు రంగుమాఱు ద్రవముగల చిన్న గాజుబుడ్డిని తొట్టెలో వ్రేలాడదీయుదురు: నీలము కొఱతను, ఆకుపచ్చ సమతను, పసుపు అతిని సూచించును. ఇది మెల్లగా మాఱును. రెండు గంటల వెనుకటి స్థితిని చూపుననుట మఱవరాదు. దీప మార్పినతోడనే వాయువును నిలుపవలెను; ఏలయన చీకటిలో మొక్కలు దానిని గ్రహింపక, తామును వెడలగ్రక్కును. ఇంగెన్‌హౌసు చెప్పిన మాట ఇంటి తొట్టెలో నిట్లు నిత్యసత్యమైనది. పుదీనా కొమ్మను చంపిన గాలియే, కొలతకు లోబడినపుడు, నీటిలోపల వనము పెంచుచున్నది.

ప్రీస్ట్లీ శేషజీవితము దుఃఖకరము. 1780లో బర్మింగుహామునకు బోయి, వాట్, బోల్టను, వెడ్జివుడ్ మొదలగు మిత్రులతో సుఖముగా నుండెను. కాని ఆయన మతాభిప్రాయములును, ఫ్రెంచి విప్లవముపై చూపిన సానుభూతియు జనులకు కంటగింపయ్యెను. 1791 జూలై 14వ తేదీ రాత్రి అల్లరిమూక ఆయన ప్రార్థనాలయమును తగులబెట్టి, ఫెయిర్‌హిల్‌నందలి యింటిపై బడెను. భార్యతో ప్రాణములు దక్కించుకొని పోయెను గాని, గ్రంథాలయము, అనేక వత్సరముల వ్రాతప్రతులు, దేశమున నంతగా ప్రసిద్ధికెక్కిన ప్రయోగశాల సర్వనాశనమయ్యెను. నష్టపరిహారము కొంత లభించెను. కాలిపోయిన కాగితముల నెవరీయగలరు? లండను సమీపమున మూడేండ్లు గడపి, 1794లో అమెరికాకు ఓడయెక్కెను. ఆ వేసవికి ముందే పారిసునందు లవోసియరు శిరచ్ఛేదమునకు గుఱియయ్యెను. ఆమ్లజనిని పట్టినవానికి స్వదేశమును, దానికి పేరిడినవానికి ప్రాణమును లేకపోయెను.

పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నదీతీరమున నార్తంబర్లండు అను చిన్న యూరిలో స్థిరపడి, మరల ప్రయోగశాలను కట్టుకొనెను. ఫిలడెల్ఫియాలో రసాయనశాస్త్రాచార్యపదవి ఇవ్వజూపినను అంగీకరింపలేదు. 1795లో చిన్నకుమారుడును, 1796లో భార్యయు మరణించిరి. 1800లో గూడ ఫ్లోజిస్టనును సమర్థించుచు పుస్తకము ప్రకటించెను. అప్పటికి దానిని నమ్ము రసాయనజ్ఞులు ఇంచుమించుగా లేరు. 1804 ఫిబ్రవరి 6వ తేదీ ఉదయమున, ఒక చిన్న పుస్తకమునకు వలసిన దిద్దుబాటులను చెప్పి వ్రాయించి, కొంతసేపటికే కన్నుమూసెను.

ఆ సంవత్సరముననే పారిసునందు నికొలా ద సొస్యూర్ గ్రంథము వెలువడెను. మొక్క గ్రహించు బొగ్గుపులుసుగాలిని, విడుచు ఆమ్లజనిని తూచి, కొలిచి, మొక్క బరువులోనికి నీరును చేరుచున్నదని చూపిన గ్రంథమది.