కట్టమంచి రామలింగారెడ్డిగారు: విద్యాలయము, కర్మాగారము

విశ్వవిద్యాలయ మనగా పట్టములు పంచిపెట్టు కచ్చేరియా, లేక తన్ను పోషించు నేలకు ఋణపడియుండు విద్యాసంస్థయా? ఈ ప్రశ్నకు మాటలతో గాక కార్యముతో సమాధానము చెప్పిన యాంధ్రులలో కట్టమంచి రామలింగారెడ్డిగారు అగ్రగణ్యులు. వారు దివంగతులై ఏడు దశాబ్దములు దాటినవి. సాహిత్యపరులు వారిని కవిగా, విమర్శకులుగా, వక్తగా స్మరించుచునే యున్నారు. విద్యకును పరిశ్రమకును నడుమ వారు వేయించిన వంతెనను మాత్రము మనము మరచుచున్నాము. నూజివీటి మామిడిసీమ ముంగిట, హనుమాన్ జంక్షన్ పరిసరములందు, క్రొత్త కర్మాగారములు లేచుచున్న యీ తరుణమున ఆ మహనీయుని చరిత్రను మరల నొకసారి తలచుకొనుట యవసరమని మేము భావించుచున్నాము.

రెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించిరి. ఆ సీమయు మన నూజివీటి సీమవలెనే మామిడితోటలకు పేరుపడినది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొనుచున్న దినములలోనే వారు 'ముసలమ్మ మరణము' అను కావ్యమును రచించిరి. అనంతపురము దాపున నున్న బుక్కరాయసముద్రము చెఱువుకట్ట తెగబోవగా, ఊరిని కాపాడుటకై ముసలమ్మ యను రైతుకోడలు తన ప్రాణము నర్పించిన గాథ యది. రాజులును రాజపుత్రికలును మాత్రమే కావ్యమునకు తగుదురని తలచుచుండిన కాలమున, ఒక పల్లెపడుచును, ఒక చెఱువును కావ్యవస్తువుగా గైకొనుట సాహసమే. ఊరి నీరే ఊరి ప్రాణమను స్పృహ యా యువకునియందు నాడే యుండెనని మన మూహింపవచ్చును.

1902లో ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండున కేగి, కేంబ్రిడ్జిలోని సెంట్ జాన్స్ కళాశాలలో చరిత్ర నభ్యసించిరి. అచ్చటి విద్యార్థుల ప్రసిద్ధ వాదసభయగు యూనియనునకు ఉపాధ్యక్షులుగా నెన్నికై, పరదేశమున భారతీయుల ప్రజ్ఞను చాటిరి. స్వదేశమునకు మరలిన పిమ్మట బరోడా కళాశాలలో, అంతకుముందు అరవింద ఘోషుగారు బోధించియుండిన కళాశాలలోనే, కొంతకాలము పనిచేసిరి. అటుపై మైసూరు చేరి మహారాజా కళాశాలలో ఆచార్యులై, క్రమముగా ప్రధానాచార్యులై, తుదకు ఆ సంస్థానపు విద్యాశాఖకే ఇన్‌స్పెక్టరు జనరలైరి.

మైసూరు నివాసము వారి జీవితమున ముఖ్యఘట్టము. 1912 నుండి 1918 వఱకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు అచ్చట దివానుగా నుండిరి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. గంధపునూనె, సబ్బు మున్నగు పరిశ్రమలు ప్రభుత్వపు పూనికతో వెలసినదియు నా కాలముననే. చదువును పరిశ్రమను ఒకే పాలనలో ఒకదాని ప్రక్క నొకటిగా పెంచుట యెట్లో రెడ్డిగారు కన్నులార చూచిరి. సంపద యెట్లు పుట్టునో, ఎట్లు పంచబడునో తెలుగువారికి తెలుగుననే బోధింపవలెనని అర్థశాస్త్ర గ్రంథమును గూడ వారు రచించియుండిరి. కవులలో నిట్టివారు అరుదు.

మైసూరు కొలువు విడిచి వారు రాజకీయములందు దిగిరి. మద్రాసు శాసనసభలో మొదట జస్టిసు పక్షమువారితో నుండినను, వారి పాలన నచ్చక బయటికి వచ్చి, 1923 నవంబరులో ఆ మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును తామే ప్రతిపాదించిరి. తీర్మానము నెగ్గలేదు. కాని పదవికన్న అభిప్రాయమునకే విలువ నిచ్చు వారి స్వభావము దేశమునకు తెలిసినది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో స్థాపింపబడగా రెడ్డిగారే దానికి ప్రథమోపాధ్యక్షులైరి. భవనములు లేవు; ధనము లేదు; స్థలమును గూర్చి జిల్లాకును జిల్లాకును వివాదము. ఆ శైశవదశను గడపి, 1930లో విశ్వవిద్యాలయము వాల్తేరు చేరినది. ఆ సంవత్సరముననే శాసనోల్లంఘనోద్యమము దేశమున రేగెను. ప్రభుత్వము జరపిన దమననీతికి నిరసనగా రెడ్డిగారు తాము పెంచిన సంస్థ పదవిని తృణప్రాయముగా విడిచి వచ్చిరి. విద్యాలయము ప్రభుత్వపు ధనముతో నడచినను దాని యధిపతి ప్రజలవాడే యని చాటిన త్యాగమది.

తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1931 నుండి 1936 వఱకు ఆ పీఠము నలంకరించిరి. జయపుర మహారాజగు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయలు శాశ్వతముగా నిచ్చుటకు వాగ్దానము చేసిరి. ఆ దానబలముతో వెలసిన కళాశాలకు శాస్త్ర కళాశాల యని మాత్రమే పేరు పెట్టక, శాస్త్ర సాంకేతిక కళాశాల యని పేరు పెట్టిరి. 1933లో అచ్చట రసాయన సాంకేతిక శాఖ యేర్పడి, చక్కెర తయారీ విద్యలో పట్టపరీక్షకు చదువు మొదలైనది. ఆ యేడే రసాయనశాస్త్ర శాఖను చేపట్టిన టి. ఆర్. శేషాద్రిగారు పదునారేండ్లు వాల్తేరులో నుండి ఆ విద్యకు దేశమంతట పేరు తెచ్చిరి.

చక్కెరయే యేల? 1932లో విదేశపు చక్కెరపై రక్షణసుంకము విధింపబడుటతో, దేశమున ముప్పదియో యేమో యుండిన మిల్లులు మూడునాలుగేండ్లలోనే నూటికి మించినవి. వాల్తేరునకు కూతవేటు దూరమున అనకాపల్లి బెల్లపు విపణి కలదు. 1913 నుండియు నచ్చట చెఱకు పరిశోధన క్షేత్రము నడచుచుండెను. 1933లో ఏటికొప్పాకలో రైతులే సహకార పద్ధతిని చక్కెర మిల్లు పెట్టుకొనిరి. ఆ మిల్లులకు రసమును కాచుటయు, సున్నముతో తేర్చుటయు, పలుకు కట్టించుటయు శాస్త్రోక్తముగా నెఱిగిన యువకులు కావలసివచ్చిరి. చుట్టునున్న పొలములలో నేమి పండుచున్నదో చూచి తరగతిగదిలో నేమి చెప్పవలెనో నిర్ణయించుకొనిన విద్యాలయ మది. ఈ దృష్టియే దాని గొప్పతనము.

1936లో రెడ్డిగారు మరల ఉపాధ్యక్షులై 1949 వఱకు, పదుమూడేండ్లు, ఆ సంస్థను నడపిరి. 1942 ఏప్రిలులో విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడినవి. భవనములు సైన్యపు వశము కాగా విద్యాలయము గుంటూరునకు తరలవలసివచ్చెను. ప్రయోగశాలను మూటగట్టుకొని పోవుట గ్రంథములను మోసుకొని పోవుటవంటిది గాదు. అయినను శాస్త్రశాఖలు ఆరిపోకుండ నిలిచినవి. యుద్ధానంతరము మరల వాల్తేరు చేరి పెరిగినవి. 1949లో రెడ్డిగారు మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రోచాన్సలరుగా వెళ్లి, 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి. వారు బ్రహ్మచారి, సంతానము లేదు. వాల్తేరు కొండపై చదివిన వేలకొలది యువకులే వారి సంతానము.

ఆ తరము చక్కెర నెక్కువగా తీయుట యెట్లని యడిగినది. మన తరము మరియొక ప్రశ్నను చేర్చవలసియున్నది. నూఱు టన్నుల చెఱకు ఆడించిన, సుమారు పది టన్నుల చక్కెర వచ్చును. ముప్పది టన్నుల పిప్పి, నాలుగు టన్నుల మడ్డి, మూడునాలుగు టన్నుల వడపోత మట్టి మిగులును. పిప్పి బాయిలరున మండి ఆవిరి నిచ్చును, మడ్డి సారాయమగును, మట్టి పొలమున కెరువగును. వీనిలో నేదియు వ్యర్థము గాదు. అలక్ష్యముచేత కాలువ పాలైనప్పుడే యవి విషమగును. నీటిలో పడిన తీపిని తిని సూక్ష్మజీవులు లెక్కకు మించి పెరుగును. నీటిలోని ప్రాణవాయువును హరించును. ఊపిరి యాడక చేపలు తేలును. మిల్లు యజమాని పోగొట్టుకొన్న చక్కెరయే రైతు కాలువకు మృత్యువగుచున్నది. కనుక కాలుష్యమును నివారించుట యనగా యజమాని నష్టమును నివారించుటయే. నీటి విషయమును ఇంతే. చెఱకు బరువులో డెబ్బదిపాళ్లు నీరే. రసమును కాచునపుడు లేచు ఆవిరిని చల్లార్చి ఆ నీటినే మరల వాడుకొనిన, బోరుల నుండి తోడవలసిన నీరు మిక్కిలి తగ్గును.

ఇక మన యింటి సంగతికి వత్తము. హనుమాన్ జంక్షన్ వద్ద సహకార పద్ధతిని వెలసి, పిమ్మట ప్రైవేటువారి చేతికి మారిన చక్కెర కర్మాగారము నీ ప్రాంతపు రైతు లెఱుగనిది గాదు. మల్లవల్లిలో పారిశ్రామికవాడ విస్తరించినది. 2025లో అచ్చట బస్సుల నిర్మాణశాల గూడ ప్రారంభమైనది. నూజివీటి వైపు రసాలు, బంగినపల్లి తోటలు. మామిడిగుజ్జు తీయుచోట పండులో మూడవవంతునకు తక్కువ గాకుండ తొక్కయు టెంకయు మిగులును. తొక్కనుండి పెక్టిను, జీడినుండి మిఠాయిలకు పనికివచ్చు కొవ్వు తీయవచ్చును. గుట్టలుగా పోసి కుళ్లబెట్టినచో దుర్గంధమును ఈగలును మిగులును. వానకు కారిన రసము వాగుల పాలగును. ఈ మెట్టనుండి పారు రామిలేరు, బుడమేరు, తమ్మిలేరు చేరునది కొల్లేరునకే. 2002లో ప్రపంచ ప్రసిద్ధ చిత్తడినేలల జాబితాలో చేరిన సరస్సది. మెట్టన జరిగిన యలక్ష్యమునకు పల్లమున నున్నవారు శిక్ష ననుభవించుట న్యాయము గాదు.

నూజివీటిలో 2008 నుండి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము కలదు. పల్లెలనుండి వచ్చిన వేలకొలది బాలబాలికలు అచ్చట చదువుచున్నారు. కర్మాగారమొక ప్రక్క, విద్యార్థియొక ప్రక్క, నడుమ పట్టున కొన్ని మైళ్లు! వారి నేల కలుపరాదు? అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు 1984లో పరిశ్రమలకు సాంకేతిక సహాయసంస్థ నొకదానిని నెలకొల్పి, మరుసటి యేటినుండి విద్యార్థులను వేసవిలో కర్మాగారములకు పంపుచున్నారు. విద్యార్థి యొకే సమస్యను చేపట్టి, నీరెంత పోవుచున్నది, సరుకెంత చిందుచున్నది కొలచి, తగ్గించు మార్గమును లెక్కతో సహా యజమాని చేతిలో నుంచును. మన దేశముననే శాంతిస్వరూప్ భట్నాగర్‌గారు లాహోరులో ఆచార్యులుగా నుండగా, ఒక చమురు కంపెనీ చిక్కును విప్పినందుకు లభించిన లక్షన్నర రూపాయలను తాము గైకొనక విశ్వవిద్యాలయ పరిశోధనకే యర్పించిరి. పరిశ్రమ యడుగుటయు, విద్యాలయము తీర్చుటయు మనకు పరాయిపద్ధతి గాదు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. కాలుష్య నియంత్రణ మండలి యుండగా విద్యార్థు లెందుకని కొందరందురు. 1974 నాటి జలచట్టము ననుసరించి ఏర్పడిన ఆ మండలి తప్పును పట్టుకొని శిక్షించునది. విద్యార్థి వైద్యునివంటివాడు, రోగము ముదరకముందే నాడి చూచును. ఇరువురును కావలెను. తమ లోపములు బయటపడునని యజమానులు జంకుదురు. విద్యార్థి కొలతలు యజమానికిని విద్యాలయమునకును మాత్రమే తెలియునట్లు ముందే ఒడంబడిక వ్రాసికొనవచ్చును. అనుభవము లేని బాలురు యంత్రములకడ ప్రమాదము తెచ్చుకొందురను భయము గలదు. అనుభవజ్ఞుడగు ఆచార్యుడు వెంటనుండిన నదియు తీరును. 2020 మే 7వ తేదీన విశాఖపట్టణమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి 12 మంది మృతిచెందిరి. రసాయన సాంకేతిక విద్య యాంధ్రదేశమున మొలకెత్తిన పట్టణముననే యీ ఘోరము జరిగినది. విద్య కొండపైనను ప్రమాదము లోయలోను వేఱువేఱుగా నుండుట యెంత యనర్థమో ఇంతకన్న వేఱు నిదర్శనము కావలెనా?

వేసవి సెలవులును మామిడిగుజ్జు కాలమును ఒక్కసారియే వచ్చును. ఇది మన సీమకు దైవమిచ్చిన సౌకర్యము. నూజివీటి విద్యార్థులను నలుగురైదుగురి జట్లుగా గుజ్జు కర్మాగారములకు పంపవలెను. చక్కెర మిల్లులకు మాత్రము శీతకాలపు గానుగ దినములందు పంపవలెను. పరిశ్రమలవారు తమ తలుపులు తెఱచి, భోజనవసతుల ఖర్చు భరింపవలెను. భూస్వాములు తమ పొలము ప్రక్క కాలువనీటిని పరీక్షింప విద్యార్థులను పిలువవలెను. లక్షలకు రాజులు లేకపోయినను వేలకు రైతులు లేకపోలేదు గదా! విద్యాలయము ఆ పనిని పరీక్షలో మార్కులకు లెక్కింపవలెను. లేనిచో అది విహారయాత్రగానే ముగియును.

చెఱువును కాపాడుటకు ముసలమ్మ ప్రాణమే యీయవలసివచ్చెనని యువకుడగు రామలింగారెడ్డి పాడెను. నీటిని కాపాడుటకు ప్రాణము గాక విద్య చాలునట్టి విద్యాలయమును ప్రౌఢుడగు రామలింగారెడ్డి నిర్మించి యిచ్చెను. దానిని వాడుకొనుటయే మన పని. వచ్చు మామిడి కాలము నాటికైనను మొదటి జట్టు విద్యార్థులు హనుమాన్ జంక్షన్ మార్గమున కర్మాగారముల గడప త్రొక్కుదురని మేము ఆశించుచున్నాము.