యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ భారతీయ జీవరసాయన శాస్త్రవేత్త. శరీరం శ్రమించినా, విశ్రమించినా కండరకణాలలో శక్తి స్థాయి ఎలా నిలకడగా ఉంటుందో తెలియడానికి ఈయన పరిశోధనలు పునాది వేశాయి.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు 1895 జనవరి 12న, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండికి సమీపాన గల భీమవరంలో జన్మించాడు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురికావడంతో, ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించలేని స్ప్రూ వ్యాధి ఈయన సోదరులిద్దరిని బలిగొన్నది. మామగారి ఆర్థిక సహాయంతో 1922లో అమెరికా వెళ్ళి హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరాడు.

శక్తి సమతౌల్యంపై పరిశోధనలు

దేహం తన లోపలి స్థితిగతులను స్థిరంగా ఉంచుకొనే గుణానికి హార్వర్డు వైద్య కళాశాలలోనే వాల్టర్ కానన్ 1926లో హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు. అదే కాలంలో అక్కడే సుబ్బారావు, సైరస్ ఫిస్కే కలిసి రక్తం, మూత్రాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఈ పద్ధతిలో ఏర్పడే నీలిరంగు గాఢత భాస్వరం పరిమాణాన్ని తెలుపుతుంది. కండర సారంతో పరీక్షించినపుడు రంగు క్రమంగా పెరుగుతూ పోయింది. సులువుగా విడిపోయే భాస్వర సమ్మేళనం ఏదో అందులో ఉన్నదని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. 1929లో ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నాడు.

కండరంలోని ఏ.టి.పి. తీవ్రశ్రమలో కొద్ది క్షణాలకే సరిపోతుంది. అది ఖర్చయిన వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఇచ్చి తిరిగి నింపుతుంది. విశ్రాంతి సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ మరల తయారవుతుంది. అందువలన పరుగెత్తే జంతువు కండరంలో కూడా ఏ.టి.పి. స్థాయి అంతగా పడిపోదు.

ఔషధాలు, చివరి దినాలు

హార్వర్డులో శాశ్వత ఆచార్య పదవి లభించకపోవడంతో 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఈయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సకే అది ఉపయోగపడింది. గోదావరి జిల్లాలను బాధించిన బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజైన్ కూడా అక్కడే రూపొందింది.

స్వదేశానికి తిరిగిరాకుండానే 1948 ఆగష్టులో న్యూయార్కులో మరణించాడు. భారత తపాలా శాఖ 1995లో ఈయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.