తలుపు తెరచియుంచిన అధ్యక్షుడు



సమూయేలు ప్రవక్త వృద్ధుడైనప్పుడు జనులందరి యెదుట నిలిచి, తన యేలుబడి లెక్కను వారి ముందుంచి, తాను ఎవనికైనను అన్యాయము చేసియున్నయెడల చెప్పుడని అడిగెను (1 సమూయేలు 12వ అధ్యాయము). ఏలువాడు ఏలబడువారికి లెక్క చెప్పవలెనను ఈ సత్యము, అమెరికా దేశపు 16వ అధ్యక్షుడైన అబ్రహాము లింకను జీవితములో మనకు కనబడుచున్నది.

లింకను 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రములో దుంగలతో కట్టిన గుడిసెలో జన్మించెను. ఆయన బడికి పోయిన దినములన్నియు కలిపినను ఇంచుమించు ఒక సంవత్సరమే. యౌవనమందు న్యూసేలము అను ఊరిలో మరియొకనితో కలిసి అంగడి పెట్టెను. అది నష్టపడి మూతపడెను. 1835లో ఆ భాగస్వామి చనిపోగా, అతని వంతు అప్పును కూడ లింకను తన మీద వేసికొని, అనేక సంవత్సరములు కష్టపడి తీర్చెను.

1861లో ఆయన అధ్యక్షుడాయెను. కొలది దినములకే బానిసత్వము కారణముగా ఉత్తర దక్షిణ రాష్ట్రముల మధ్య యుద్ధము చెలరేగెను. అట్టి కాలమందును ఆయన వారములో కొన్ని దినములు తన గది తలుపు సామాన్యులకు తెరచియుంచెను. ఉద్యోగము కోరువారు, సైనికుల తల్లులు, మొరపెట్టుకొనువారు వరుసగా వచ్చుచుండిరి. కాలము వ్యర్థమగుచున్నదని కార్యదర్శులు వారించినను ఆయన వినలేదు. జనులను కలిసికొనని అధికారి, తన అధికారము వారిచ్చినదే యను సంగతి మరచిపోవునని ఆయన తలంచెను.

ఆయనయందు జనులు తప్పు పట్టిన సంగతులును కలవు. యుద్ధకాలమున కొందరిని విచారణ లేకుండ చెరలో ఉంచిరి. న్యూయార్కు రాష్ట్రమందలి ఆల్బనీ పట్టణమున కొందరు సభ చేసి దీనిని ఖండించిరి. లింకను మౌనము వహింపక, 1863 జూనులో తన కారణములన్నియు ఉత్తరముగా వ్రాసి పత్రికలలో ప్రకటింపజేసెను. ఆ పని న్యాయమని నేటికిని అందరును ఒప్పుకొనరు. అయినను చేసినదానిని ఆయన దాచలేదు. తీర్పు తీర్చుటకు జనులకు చోటిచ్చెను.

ఆ మరుసటి నెల, జూలై 4న, విక్స్‌బర్గు కోట సేనాని గ్రాంటుకు స్వాధీనమాయెను. గ్రాంటు పట్టిన మార్గము తప్పని లింకను అంతకుముందు భయపడియుండెను. జయము వచ్చిన తరువాత ఆ సంగతి మరుగుపరచుట సులభమే. గాని జూలై 13న ఆయన తానుగా గ్రాంటుకు ఉత్తరము వ్రాసి, గ్రాంటుదే సరియైన ఆలోచన, తనది పొరబాటు అని ఒప్పుకొనెను. తన క్రింద పనిచేయువానికి దేశాధ్యక్షుడు ఈలాగు వ్రాయుట చిన్న సంగతి కాదు.

1865 ఏప్రిల్ 14న రాత్రి, వాషింగ్టను నగరమందొక నాటకశాలలో ఆయనను తుపాకితో కాల్చిరి. మరునాటి ఉదయమున ఆయన మరణించెను.

ప్రియులారా, దేశమునేలువారిని గూర్చి మనము అరుగుల మీద కూర్చుండి తీర్పు తీర్చుచుందుము. అది మన హక్కే. అయితే సంఘపు కానుకల లెక్కను, పంచాయతీ సొమ్ము లెక్కను అడిగినవానిని శత్రువుగా చూచువారు మనలో లేరా? లెక్క చూపుట కొంత సులభము. మనకంటె చిన్నవాని యెదుట మన తప్పు ఒప్పుకొనుట మిక్కిలి కష్టము. పెద్దరికము వహించిన ప్రతివాడును ఈ నెలలో సమూయేలు అడిగిన ప్రశ్నను తన యింటివారినే మొదట అడిగి, వారి జవాబును ఓపికతో వినునుగాక.