పరదేశ జిజ్ఞాసువగు అల్ బిరూనీ

పరదేశములలోని జనులు ఏమి తినెదరు, ఏమి ధరించెదరు, పిల్లల నెట్లు చదివించెదరు, దేనిని మేలనియు దేనిని కీడనియు దలంచెదరు అను కుతూహలము మానవునకు సహజము. కాని యీ కుతూహలము రెండు త్రోవల బోవును. వింతలు విని నవ్వుకొనుట యొక త్రోవ. ఆ వింతలకు హేతువు నరయుట రెండవ త్రోవ. మొదటిది సులభము, రెండవది శ్రమతో గూడినది. సుమారు వేయి సంవత్సరములకు పూర్వము ఈ రెండవ త్రోవను నడచి, మన దేశమును గూర్చి యొక మహాగ్రంథమును రచించిన అల్ బిరూనీ పండితుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా దెలుప బూనితిమి.

ఈయన పూర్తి పేరు అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ అల్ బిరూనీ. క్రీ. శ. 973వ సంవత్సరమున ఖ్వారిజము దేశమునందలి కాథ్ నగర ప్రాంతమున జన్మించెను. ఆ ప్రదేశ మిప్పుడు ఉజ్బెకిస్తానములో నున్నది. రాజవంశీయుడును గణితవేత్తయు నగు అబూ నస్ర్ మన్సూర్ ఈయనకు గురువు. బాల్యమునుండియు లెక్కలయందును నక్షత్రములయందును ఈయనకు మిక్కుటమగు నాసక్తి యుండెను. 997వ సంవత్సరమున చంద్రగ్రహణము పట్టినప్పుడు, ఈయన కాథ్ నగరమునుండియు, అబుల్ వఫా అను పండితుడు బాగ్దాదునుండియు ముందుగా నేర్పరచుకొని దానిని పరిశీలించిరి. గ్రహణ మగపడిన వేళలలోని భేదమును బట్టి ఆ రెండు నగరముల నడుమనున్న రేఖాంశముల దూరమును గణించిరి. దూరదేశముననున్న మనుష్యునితో గలసి సత్యమును వెదకుట ఈయన కట్లు యౌవనముననే యలవడెను.

స్వదేశమున అంతఃకలహములు చెలరేగుటచే ఈయన కొన్నియేండ్లు పరస్థలములయందు గడపవలసివచ్చెను. ఆ దినములలో, 1000వ సంవత్సర ప్రాంతమున, గుర్గాను ప్రభువు నాశ్రయించి, పారసీకులు, యూదులు, క్రైస్తవులు, అరబ్బులు మున్నగు వారి పంచాంగములను పండుగలను వివరించు గ్రంథము నొకదానిని వ్రాసెను. ఏ జాతి యే దినమున నేల పండుగ చేసికొనునో తెలిసినచో ఆ జాతి హృదయము కొంత తెలియునని మాకు దోచుచున్నది.

1017వ సంవత్సరమున గజనీ సుల్తానగు మహమూదు ఖ్వారిజమును జయించెను. ఓడిన రాజ్యపు పండితులతో పాటు అల్ బిరూనీయు గజనీకి గొనిపోబడెను. ఆ సుల్తానే మన దేశముపై బలుమారులు దండెత్తి దేవాలయములను కొల్లగొట్టెను. ఇట్లు తన దేశమును జయించిన ప్రభువే హిందూదేశమునకును శత్రువగుట సంభవించెను. అట్టి ప్రభువు నీడలో నివసించుచు, యుద్ధమువలన దనకు చేరువయైన హిందువులను ద్వేషింపక, వారి నెరుంగుటకు బూనుకొనుట ఈయన జీవితమునందలి విశేషము.

ఈ పూనికకు హేతువును తన గ్రంథారంభమున ఈయనయే తెలిపియున్నాడు. ఒకప్పుడు అబూ సహల్ అను విద్వాంసునితో మాటలాడుచుండగా, అన్యుల మతములను గూర్చి గ్రంథకర్తలు వ్రాసిన వ్రాతలు చాలవరకు ఒకరినుండి యొకరు ఎత్తి వ్రాసినవే కాని యథార్థములు కావను ప్రసంగము వచ్చెనట. హిందువులను గూర్చి తెలిసినదానిని తెలిసినట్లే వ్రాయుమని ఆ విద్వాంసుడు ప్రోత్సహించెను. వాదించుటకు గాక వివరించుటకే వ్రాయుచున్నానని నియమము చేసికొని ఈయన పని నారంభించెను.

అందులకు సంస్కృతము నేర్వవలసివచ్చెను. అప్పటికి ఈయనకు నలుబది యేండ్లు దాటినవి. ఒక్క వస్తువునకు అనేక నామములును, ఒక్క నామమునకు అనేకార్థములును ఉండుట ఈయనను మిక్కిలి బాధించెను. మన సంయుక్తాక్షరములు ఈయన నాలుకకు లొంగలేదు. పండితుల నోట వినిన పదమును శ్రద్ధగా వ్రాసికొని మరల జదివి వినిపించినచో, ఆ పండితులే దానిని గుర్తింపలేకపోయిరని ఈయన దాచక చెప్పుకొనెను. పరభాష నేర్చుచు నవ్వులపాలగుదుమేమో యని వెనుదీయు మా విద్యార్థులకు ఈ వృత్తాంతము ధైర్యము గలిగించుగాక! అట్లు తడబడిన యీ పండితుడే పిమ్మట సాంఖ్యమును పాతంజల యోగమును అరబ్బీ భాషలోనికి దెచ్చెను.

1030వ సంవత్సర ప్రాంతమున ముగిసిన హిందూదేశ గ్రంథమున ఎనుబది యధ్యాయములు గలవు. అందు వేదాంతము, జ్యోతిషము, భూగోళము మాత్రమే గాక నిత్యజీవనమును గలదు. బడులలో పిల్లలు నల్లని పలకలపై తెల్లని దానితో ఎడమనుండి కుడికి వ్రాయుట, దక్షిణమున తాటియాకులపైనను ఉత్తరమున భూర్జపత్రములపైనను గ్రంథములు వ్రాయుట, తాంబూలము నములుట, నలుగురు కూడి పాచికలతో చదరంగ మాడుట, ముఖ్యమైన ఆలోచనలయందు స్త్రీల యభిప్రాయము గైకొనుట అన్నియు నందు వ్రాయబడినవి. ఇంటిలోనికి వచ్చునప్పుడు అనుమతి యడుగక, వెడలునప్పుడు మాత్రము సెలవు పుచ్చుకొందురని వింతపడి వ్రాసెను. నేటికిని మన యిండ్లలో అతిథి పోయివచ్చెదనని చెప్పక కదలడు గదా! ఈయన తెలుగుదేశమునకు వచ్చినట్లు కానరాదు. అయినను దేశమున వాడుకలోనున్న లిపులను పేర్కొనుచు, ఆంధ్రదేశమున ఆంధ్రలిపి గలదని వ్రాయుట మనకు సంతోషకరము.

మెచ్చదగినదానిని ఈయన మెచ్చక విడువలేదు. పుణ్యక్షేత్రములలోని కోనేరులను వర్ణించుచు, పెద్దరాళ్లను ఇనుప బందులతో గలిపి, దిగువారును ఎక్కువారును ఒకరినొకరు త్రోసికొనకుండ చుట్టును మెట్లు కట్టిన నేర్పును కొనియాడెను. అట్టివానిని కట్టుట యటుండగా, వర్ణించుటయు తన వారికి శక్యము కాదని యొప్పుకొనెను.

చెప్పుటకు కష్టమగు సంగతులనుగూడ ఈయన దాటిపోలేదు. మహమూదు దండయాత్రలు దేశపు సౌభాగ్యమును నాశనము చేసినవనియు, అందువలననే హిందువులకు ముసల్మానులయెడ తీరని ద్వేషము గలిగినదనియు, విద్యలు కాశ్మీరమునకును కాశికిని తరలిపోయినవనియు స్పష్టముగా వ్రాసెను. ఆ సుల్తాను వంశము వారే రాజ్యమేలుచున్న కాలమున ఇట్లు వ్రాయుట సామాన్యము కాదు. రెండవవైపున, తమ దేశమువంటి దేశము లేదనియు, తమ శాస్త్రమువంటి శాస్త్రము లేదనియు హిందువులు గర్వించుటయు ఈయన కన్ను దాటలేదు. వారు దేశాటనము చేసి అన్యులతో గలసి మెలగినచో ఈ భావము మారుననియు, యవనులను వారి శాస్త్రజ్ఞానమునకై గౌరవింపవలెనన్న వరాహమిహిరునివంటి పూర్వులు ఇట్టి సంకుచితబుద్ధి గలవారు కారనియు జెప్పెను. చాకలి, మేదరి, నేత మున్నగు వృత్తులవారిని ఊరి వెలుపల నుంచుటను గూర్చియు వ్రాసెను. ఈ మాటలు మనకు రుచింపకపోవచ్చును. అయినను పరులు మనలో జూచిన లోపమును సహనముతో వినుటయు నొక విద్యయే.

మరి తన వారి మాట? హిందువుల యాచారములలో దనకు సరిపడనివానిని చెప్పినవెంటనే, ఇస్లామునకు పూర్వము అరబ్బులలోను అట్టి దురాచారములు, అంతకు మించినవియు, ఉండెనని యెత్తిచూపెను. కులభేదములను చెప్పునప్పుడు ప్రాచీన పారసీకులలోను అట్టి విభాగము లుండెనని జ్ఞాపకము చేసెను. గ్రీకుల మతములను హిందువుల మతములతో బోల్చి చూపెను. ఎదుటివాని వాకిలి చెత్త నెంచువాడు మొదట తన వాకిలి నూడ్చుకొనవలెనను నీతి ఈయన గ్రంథమునం దంతటను గానవచ్చుచున్నది.

ఈ గ్రంథమున లోపములు లేకపోలేదు. ఈయన చూచినది ముఖ్యముగా పంజాబు ప్రాంతము. విన్నది పండితుల మాట. దున్నువాని బ్రదుకును, దంచు స్త్రీ తలంపును ఇందు తక్కువగా వినవచ్చును. ఒక్కొక్కచోట కఠినోక్తులును గలవు. కాని తన కన్నులతో చూచినదానిని విన్నదానినుండి వేరు చేయుటకు ఈయన పడిన పాటు పూజ్యమైనది. ఇప్పుడు పాకిస్తానములోనున్న నందనదుర్గము కడ కొండ యెక్కి, దిగంతము క్రిందికి వంగిన కోణమును గొలిచి, భూగోళపు పరిమాణమును గణించినదియు నీయనయే. భూమిని గొలిచిన యా నిదానముతోనే మనుష్యులనుగూడ గొలిచె నని మా యభిప్రాయము.

వృద్ధాప్యమున కన్నును చెవియు మందగించినను, ఔషధముల పేళ్లను అనేక భాషలలో సమకూర్చు గ్రంథమును వ్రాయుచునే యుండెను. 1050వ సంవత్సర ప్రాంతమున, డెబ్బదియైదేండ్లు దాటిన ప్రాయమున, గజనీలో మరణించెను. అవసానకాలమును గూర్చి యొక కథ చెప్పుదురు. చూడవచ్చిన న్యాయవేత్తను, దాయభాగమునకు సంబంధించిన యొక చిక్కును విప్పి చెప్పుమని కోరెనట. ఈ స్థితిలో నిది యేల యని యాయన సంకోచింపగా, తెలియక పోవుటకంటె తెలిసికొని పోవుట మేలు గాదా యని బదులిచ్చెనట. న్యాయవేత్త వివరించి వీథిలోనికి వచ్చునప్పటికే లోపలినుండి యేడ్పు వినవచ్చెనట.

ఈయన గ్రంథమును జర్మను పండితుడగు సఖౌ 1887వ సంవత్సరమున అరబ్బీ మూలముగను, 1888వ సంవత్సరమున ఆంగ్లానువాదముగను ప్రకటించెను. చంద్రుని ఆవలివైపున నొక బిలమునకు ఈయన పేరు పెట్టబడినది.

విద్యార్థులారా! నేడు పరదేశ వార్తలు తెలిసికొనుటకు నలుబది యేండ్లు దాటి కొత్త భాషను నేర్వవలసిన పని లేదు. అవి మన యింటికే వచ్చుచున్నవి. అయినను వారి భాష నేర్చి, వారి మాట విని, మన తప్పులను మరువక, పిమ్మటనే తీర్పు చెప్పు నోర్పు మాత్రము ఇంటికి రాదు. దానిని మనమే సంపాదించుకొనవలెను. మన తరగతిలో నూతనముగ జేరిన పరప్రాంతపు బాలుని పలుకును విని నవ్వు వచ్చినప్పుడు, సంస్కృతపదము పలుకలేక తడబడిన ఈ మహాపండితుని మీరొక్కసారి తలంతురని నమ్ముచున్నాము.